మొగలిలంక పేజీలో ఒక్క వాక్యం

మూర్తిగారు మొదటిసారి నా రాతను కొట్టేసినప్పుడు నేను బేర్ సరాయ్‌లో కిటికీ లేని గదిలో, మంచం మీద బాసింపట్టు వేసుకుని మ్యాగీ తింటున్నాను. ఆయన మూర్తిగారని అప్పటికి నాకు తెలియదు. 'గోదారిగట్టు' అన్న మారుపేరు ఒక్కటే తెలుసు. ఆ మారుపేరు మీద వచ్చిన కోపంలో మ్యాగీ సంగతి మర్చిపోయాను, అది గిన్నెలోనే గడ్డకట్టింది.

ఎం.ఏ. చరిత్ర చదవడానికి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఢిల్లీ వచ్చినదాన్ని. మా ప్రొఫెసర్లందరిదీ ఒకటే పాట, వికీపీడియా చూసి రాస్తే మార్కులు ఉండవని. బుద్ధిగా తలూపి గదికొచ్చి ముందుగా తెరిచేది దాన్నే. నేనే కాదు, క్లాసులో అందరం అంతే. సుల్తానుల కాలం పన్నుల గురించి చదవడం మొదలుపెట్టేదాన్ని. ఒక నీలిరంగు మాట నొక్కితే ఇంకో పేజీ, అందులో ఇంకో నీలిరంగు మాట. అలా పోయి పోయి సాయంత్రానికి తిమింగలాలు ఎలా నిద్రపోతాయన్న పేజీలో తేలేదాన్ని. కొన్ని తిమింగలాలు నీళ్లలో నిలువుగా నిలబడి నిద్రపోతాయట. అది చదివాక కళ్లు మూసుకుంటే గది గోడలు మెల్లగా కరిగి, చుట్టూ నీలం నీళ్లు, వాటిలో నిలబడి నిద్రపోతున్న పెద్దపెద్ద నీడలు. కింద మెస్‌లో భయ్యా రోటీలు అయిపోతున్నాయని అరిచేదాకా నేనూ వాటితోనే ఉండేదాన్ని.

ఒకరోజు తెలుగు వికీలో మా ఊరి పేరు కొట్టి చూశాను. పేజీ ఉంది. జనాభా, ఇళ్లు, వైశాల్యం, దగ్గరి బస్టాండు. ఇంకేం లేదు. మనుషులు వదిలేసి వెళ్లిన ఊరిలా ఉంది ఆ పేజీ. నాకు ఏదోలా అయింది. వెంటనే ఒక వాక్యం రాశాను. 'ఈ ఊరి ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఒకరికొకరు పొడుపుకథలు వేసుకుంటారు, విప్పలేనివాళ్లు పక్కవాళ్ల ఆకు కత్తిరించి పెట్టాలి.' పుట్టినప్పటి నుంచి చూసినదే రాశాను. అమ్మ ఇప్పటికీ చుడుతూనే ఉంది.

అదిగో, దాన్నే గోదారిగట్టు తీసేశాడు. పక్కన రెండే మాటలు: 'మూలం చూపండి.'

నేను ఆ పేజీ వెనక వాదించుకోవడానికి ఉండే చర్చా పేజీకి వెళ్లి, 'మా అమ్మే మూలం' అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. 'మీ అమ్మగారికి నమస్కారాలు. కానీ ఆవిడ ముద్రిత ఆధారం కారు కదా.'

ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. ఆ మనిషి ఎదురుగా ఉంటే ఏదో ఒకటి అనేసేదాన్నే. అదృష్టమో దురదృష్టమో, వారం తిరక్కుండా ఆ అవకాశం వచ్చింది. ఢిల్లీలోని ఒక తెలుగు సంఘం హాల్లో కొత్తగా రాసేవాళ్లకు ఆదివారం శిక్షణ అని ప్రకటన చూశాను. నేర్పేవారు గోదారిగట్టు. నేర్చుకోవడానికి కాదు, పోట్లాడటానికే వెళ్లాను. దారంతా మెట్రోలో ఏమేం అనాలో వల్లె వేసుకున్నాను.

వెళ్లి చూస్తే, స్వెటర్ మీద స్వెటర్, తల మీద కోతిటోపీ, పక్కన ఫ్లాస్కు, బక్కపల్చని పెద్దాయన. చొల్లంగి రాధాకృష్ణమూర్తి ఆయన పేరు. కేంద్ర ప్రభుత్వంలో ఏదో మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు.

"మా అమ్మ రాసింది అబద్ధమంటరా మీరు?" అన్నాను, నమస్తే కూడా పెట్టకుండా.

"రాసింది మీరు కదమ్మా, మీ అమ్మగారు కాదు కదా," అన్నారాయన తాపీగా. "కూర్చోండి. చలిలో వచ్చారు. టీ తాగి తిట్టండి, గొంతు బాగా పలుకుతుంది."

టీ తాగాక తిట్టాలనిపించలేదు. అదొక చిక్కు.

"చూడండమ్మాయ్, రేపు నేనొచ్చి ఆ ఊళ్లో బీడీలే చుట్టరు అని రాశాననుకోండి," అన్నారు. "నన్నెవరు ఆపాలి? మీ మాట మీద మీ వాక్యం నిలబడితే నా మాట మీద నాదీ నిలబడుతుంది కదా. అందుకని ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. ఇక్కడ మనమెవరమూ కాదు. మన కాగితమే మనం."

ముప్పొద్దులా ఫైళ్లలో బతికిన మనిషి అలా కాక ఇంకెలా మాట్లాడతారు అనుకున్నాను. కానీ తర్వాతి ఆదివారం ఆయన నా ముందు ఫోన్ పెట్టారు. మా ఊరి పేజీలో నా వాక్యం మళ్లీ ఉంది. దాని చివర చిన్న అంకె. బీడీ కార్మికుల మీద ఎప్పుడో ఎవరో అచ్చువేసిన సర్వే ఒకటి ఏదో లైబ్రరీలో వెతికి పట్టుకున్నారట. అందులో మా చుట్టుపక్కల ఊళ్ల పొడుపుకథల ముచ్చట ఉందట. నేను అడగలేదు. వెతుకుతానని ఆయన ముందు చెప్పనూ లేదు. అమ్మకు ఫోన్‌లో చదివి వినిపిస్తే మళ్లీ ఒకసారి చదవమంది. తర్వాత, "అయితే మేం అట్ల ఆడుకునుడు నిజమే అన్నట్టు," అంది. అమ్మ ఆ మాట అన్న తీరుకు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మూర్తిగారి ఇంటికి వెళ్లడం అలవాటైంది. మునీర్కాలో ప్రభుత్వం కట్టిన డి.డి.ఏ. ఫ్లాటు, మా బేర్ సరాయ్‌కి నడిచే దూరం. ఢిల్లీలో అందరూ అంకుల్లూ ఆంటీలే కాబట్టి ఆయన అంకుల్, ఆయన భార్య అన్నపూర్ణేశ్వరిగారు ఆంటీ. కూతురు సునంద గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు వచ్చి మందులూ సరుకులూ సర్ది వెళ్తుంది. మిగతా రోజులు బాల్కనీలో ఎండ ఉన్నంతసేపు అంకుల్ అక్కడే. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, "ఇవాళ ఏ ఊరు వెళ్దామమ్మా?" అనేవారు. ఏదో ఒక పేజీ దానంతటదే తెరుచుకునే మీట ఒకటుంది. దాన్ని నొక్కేవారు. పేరు కూడా వినని ఊరు వచ్చేది.

"ఊరికి పడమర కాలువ ఉందట," అని చదివి కళ్లు మూసుకునేవారు. "అంటే పొద్దు కాలువలో దిగుతుందన్నమాట. ఆ టైముకి పశువులు ఇంటికొస్తాయి. దుమ్ము ఎర్రగా ఉంటుంది."

"మూలం?" అనేదాన్ని నేను.

"లేదు," అని నవ్వేవారు. "అందుకే రాయను. చూసి వచ్చేస్తానంతే."

అలా కూర్చుంటే నాకూ కనిపించేది. మంచు ఉన్న రోజుల్లో ఎదురు బ్లాకు ఫ్లాట్లు మసకబారి, నీళ్లకు అవతల ఉన్న ఊరేదో లేచినట్టు ఉండేది. రోడ్డు మీద హారన్లు కూడా ఎక్కడో దూరంగా వినబడేవి. మేమిద్దరం బట్టలు ఆరేసిన ఆ బాల్కనీలో కూర్చుని ఎన్ని ఊళ్లు తిరిగామో. ఎం.ఏ.కి రాయాల్సిన థీసిస్ మాట ఎత్తేదాన్ని కాదు. నా గైడుకు ఈ సంగతి తెలిస్తే నన్ను అక్కడికక్కడే నిలబెట్టి కడిగేసేది.

అలా ఊళ్లు తిరుగుతుండగా వంటింట్లోంచి చప్పుడు వచ్చేది. స్టీలు గిన్నె మీద గరిటెతో గబగబా రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. అంకుల్ వెంటనే లేచి లోపలికి వెళ్లేవారు. ఆంటీకి నోటితో పిలిచే ఓపిక లేదేమో, పెద్దింటి దర్జా అనుకునేదాన్ని.

చలి ముదిరేసరికి కొన్ని తేడాలు కనిపించాయి. టీ తాగిన కప్పు చేతిలోనే ఉండగా టీ ఇవ్వలేదేమని అడిగేవారు. నన్ను సునందా అని పిలిచేవారు. ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి ఏ అంతస్తో తేల్చుకోలేక కింది ఫ్లాటు పంజాబీ ఆవిడతో, "ఇక్కడ తెలుగువాళ్లెవరైనా ఉన్నారా అండీ," అని తెలుగులోనే అడుగుతున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆయియే అంకుల్‌జీ," అంటూ పైకి తీసుకొచ్చింది. డాక్టర్లు పేరు పెట్టారు ఆ జబ్బుకి. ఆంటీ ఆ పేరు పలికేది కాదు. "ఆయనకి కొంచెం మంచు పట్టిందమ్మా," అనేది.

విచిత్రం ఏమిటంటే వికీలో మాత్రం ఆయన చెయ్యి తడబడేది కాదు. ఎవరు మూలం లేకుండా రాసినా పట్టేసేవారు. అన్నీ మర్చిపోయినా నియమాలు మర్చిపోలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం వెళ్తే అంకుల్ నిద్రపోతున్నారు. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇది చూడమ్మా. మా ఊరి పేజీ. ఇందులో ఒక మాట ఉండేది. పోయింది. ఎవరు తీశారో చెప్పగలవా?"

మొగలిలంక. గోదావరి మధ్యలో చిన్న లంక. పేజీకి చరిత్ర అని ఒక భాగం ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం రాశారో, ఏం తీశారో అంతా అందులో కనిపిస్తుంది. తెరిచి చూశాను. నిన్న తీసేసిన వాక్యం ఇది:

'వంతెన లేని రోజుల్లో మొగలిలంక రేవు నుంచి పొద్దుగూకాక అవతలి గట్టున ఉన్న పడవను పిలవాలంటే, ఇత్తడి బిందె మీద గులకరాయితో కొట్టేవారు. ఒక్కో ఇంటిది ఒక్కో దరువు కావడంతో ఎవరు పిలుస్తున్నారో పడవవాడికి తెలిసేది.'

తీసేసింది గోదారిగట్టు. కారణం: మూలం లేదు. చాలా ఏళ్ల కిందట, ఇన్ని నియమాలు లేని రోజుల్లో ఆ వాక్యాన్ని రాసింది ఎవరా అని వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను. అదీ గోదారిగట్టే.

ఫోన్ ఆవిడ వైపు తిప్పి చూపించాను. "అంకులే తీసేసిండ్రు ఆంటీ," అన్నాను. "రాసింది గూడ ఆయననే."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది.

"మా ఇంటి దరువు రెండు గబగబా, ఆగి ఒకటి," అంది. "ఈయన అప్పుడు అవతలి గట్టు స్కూల్లో టెంపరరీ మాస్టరు. సాయంత్రం పూట ఊసుపోక పడవ దగ్గర కూర్చునేవారు. మా దరువు వినబడితే చాలు, పడవవాడికంటే ముందు లేచి తాడు విప్పేవారట. ఆ తర్వాత ఢిల్లీ ఉద్యోగం వచ్చింది. మా వాళ్లు అంత దూరం పంపేది లేదన్నారు. రేవులో నించుని, ఢిల్లీలో కూడా ఏరుందండీ, మీకు బెంగగా ఉండదు, అన్నారు నాతోటి. ఆ మాట పట్టుకుని వచ్చేశాను. తీరా చూస్తే ఆ యమున, దాని నురగ." ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మా ఇద్దరి గురించి ఈ మనిషి ఎప్పుడూ ఏమీ రాసుకోలేదమ్మా. ఒక ఉత్తరం ముక్క లేదు. ఈ ఒక్క మాటే. అందులోనూ నా పేరు లేదనుకో. అయినా నాకు తెలుసు కదా. ఆయనకి మంచు మరీ ఎక్కువైన రోజున ఈ పేజీ చూపించొచ్చు, మనది ఫలానా ఊరు, నేను ఫలానా అని చెప్పొచ్చు అనుకున్నాను. కంప్యూటర్లో ఉన్నదైతేనే ఆయన నమ్ముతారు. ఇప్పుడు ఆయనే తుడిచేశారు."

ఇన్నాళ్లూ దర్జా అనుకున్న గరిటె చప్పుడు అప్పుడు అర్థమైంది నాకు.

"నేను పెడత ఆంటీ. మళ్లా పెడత," అన్నాను. అది ఎంత పని అనుకున్నాను కాబోలు.

అక్కడే నిలబడి వాక్యం తిరిగి పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే తీసేసి ఉంది. పక్కన ఒక మాట అదనం: 'రాసినవారు మన్నించాలి. వాక్యం చక్కగా ఉంది. మూలం లేదు.' మళ్లీ పెట్టాను. మళ్లీ తీశారు. ఈసారి నా చర్చా పేజీలో హెచ్చరిక పెట్టారు, ఇలాగే చేస్తే నా ఖాతాను ఆపాల్సి వస్తుందని. ఆయన నిర్వాహకుడు, ఆ అధికారం ఉంది. తన రాతను తనే కొట్టేసి, దాన్ని కాపాడబోయిన నన్ను బెదిరిస్తున్నారు. ఈ మనిషిని ఏం చెయ్యాలో చెప్పండి.

"ఇది మీరే రాసిండ్రని అంకుల్‌కు చెప్పేస్త," అన్నాను ఆంటీతో.

"వద్దమ్మా," అంది వెంటనే. "ఇది మీరే చేశారండీ అంటే ఆయన భయపడిపోతారు. రోజంతా గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. ఆ పని మాత్రం చెయ్యకు."

ఇక మిగిలింది ఆయన దారే. అచ్చయిన కాగితం కావాలి. మా యూనివర్సిటీ లైబ్రరీలో గోదావరి జిల్లాల మీద తెల్లదొరలు రాయించిన గెజిటీర్లన్నీ తిరగేశాను. వరదలున్నాయి, లాకులున్నాయి, పడవల పన్నులున్నాయి. బిందెలు లేవు. తెల్లదొరలెవరూ సాయంత్రం పూట ఆ రేవులో నిలబడలేదు కాబోలు. మా గైడు నన్ను ఆ షెల్ఫుల మధ్య చూసి, టాపిక్ మార్చావా అని అడిగింది. లేదు మేడమ్ అన్నాను. అబద్ధమేమీ కాదు.

చివరికి తెలుగు సంఘం గుర్తొచ్చింది. ప్రతి ఉగాదికీ వాళ్లు ఒక సంచిక వేస్తారు. ముందు సగం శుభాకాంక్షలు, వెనక సగం మిఠాయి దుకాణాల ప్రకటనలు, మధ్యలో నాలుగు వ్యాసాలు. ఎవరూ చదవరు కానీ అచ్చవుతుంది. ఏళ్ల తరబడి పాత సంచికలు పెద్ద లైబ్రరీల్లో కూడా ఉన్నాయి. సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్లి, రేవుల మీద వ్యాసం రాసిస్తానన్నాను. ఆయన, "ఠీక్ హై, రెండు పేజీలు దాటకూడదు. ఫోటో ఉంటే ఇంకా మంచిది, జాగా నిండుతుంది," అన్నాడు.

రాయాలంటే వినాలి. ఇది వ్యాసం కోసమని దాచకుండా చెప్పే అడిగాను మూర్తిగారిని. కొన్ని రోజులు ఏమీ చెప్పలేకపోయేవారు. మొగలిలంకా, వినలేదే అనేవారు. నేను ఫోన్ లోపల పెట్టేసి వేరే ఊళ్లు తిరిగేదాన్ని ఆయనతో. ఒకరోజు మాత్రం, ఎదురు బ్లాకు మొత్తం మంచులో మాయమైపోయిన సాయంత్రం, ఆయనే మొదలుపెట్టారు.

"అవతలి గట్టు కనబడదమ్మా," అన్నారు. "శీతాకాలం కదా. నీళ్ల మీదే పొగ. ఊరుందో లేదో కూడా తెలీదు. అప్పుడు ఒక బిందె మోగుతుంది. ఇత్తడి చప్పుడు నీళ్ల మీద నడిచొస్తుంది. పడవవాడు తల ఎత్తకుండానే, అదిగో కరణంగారిల్లు అంటాడు. ఇంకోటి మోగుతుంది. అది కమ్మరి వీరన్న, సంతకి బయల్దేరాడు అంటాడు. మనిషి కనబడడు. దరువే మనిషి."

"మీకు గూడ గుర్తువట్టొస్తుండెనా అంకుల్?"

"నాకు ఒక్కటే వచ్చేది," అన్నారు. ఆ పొగమంచులోకే చూస్తున్నారు. చేతివేళ్లు కుర్చీ చేతి మీద రెండుసార్లు గబగబా తట్టి, ఆగి, ఒకసారి తట్టాయి. "అక్కడొక కుర్రాడుండేవాడు. మాస్టరు. ఆ దరువు వినబడితే వాడు ముందే పడవ ఎక్కి కూర్చునేవాడు. ఈత రాదు వెధవకి. అయినా ఎక్కేవాడు."

"తర్వాతేమైంది?"

"ఎవరికి?" అన్నారు నా వైపు తిరిగి. "టీ ఇచ్చారా మీకు?"

గదికి వెళ్లి ఆ సాయంత్రమే రాశాను. నా పైత్యమేమీ కలపలేదు. ఎర్రదుమ్ము లేదు, తిమింగలాలు లేవు. వాక్యానికి వాక్యం, ఆయన చెప్పినంత. మధ్యలో సూటిగా, 'ఈ వివరాలు చెప్పినవారు చొల్లంగి రాధాకృష్ణమూర్తి' అని పెట్టాను. ఆంటీకి చదివి వినిపించాను. "కరణంగారిల్లు సరే. వీరన్న కమ్మరి కాదు, వడ్రంగి. అది దిద్దు," అంది. ఆవిడకు ప్రతి ఇంటి దరువూ ఇంకా వచ్చు. వంటింటి గట్టు మీద ఒక్కొక్కటే కొట్టి వినిపించింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. కుక్కర్ విజిల్, మునీర్కా రోడ్డు, అన్నీ వెనక్కి పోయాయి. ఊరు ఊరంతా ఆ చీకటి రేవులో నిలబడి ఇల్లిల్లూ పడవను పిలుస్తున్నట్టు అనిపించింది.

ఉగాది రోజున సంచిక వచ్చింది. నా వ్యాసం బర్ఫీల ప్రకటన పక్కన పడింది. మర్నాడు పొద్దున్నే పట్టుకుని మునీర్కా వెళ్లాను. చలి పోయి బాల్కనీలో ఎండ చురుక్కుమంటోంది. అంకుల్ ల్యాప్‌టాప్ ముందే ఉన్నారు. టోపీ తీసేశారు, మనిషి చిన్నవాడైపోయినట్టు కనిపించారు. నన్ను చూసి మర్యాదగా లేవబోయారు. నేనెవరో గుర్తు రాలేదని తెలిసిపోయింది.

"నమస్తే అంకుల్. నేను వికీలో రాస్త. మొగలిలంక పేజీల ఒక వాక్యానికి మూలం తెచ్చిన," అన్నాను.

ఆ మాట వినగానే ఆయన కూర్చుని కళ్లజోడు సర్దుకున్నారు. సంచిక అందుకుని ముందు అట్ట చూశారు. ఎవరు వేశారో, ఏ సంవత్సరమో చూశారు. ఎన్నో పేజీ అని అడిగారు. వేలు పెట్టి ఒక్కో వాక్యం చదవసాగారు. ఆంటీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె అలాగే ఉంది. కాదంటే ఇక ఇంకో దారి లేదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

"బాగుంది," అన్నారు చివరికి. "బిందెల సంగతి చాలా బాగుంది. కానీ ఇందులో వ్యాసం రాసినవాళ్లు స్వయంగా చూడలేదు. ఒకాయన చెప్పారని రాశారు." వేలు ఆ పేరు మీద ఆగింది. "చొల్లంగి రాధాకృష్ణమూర్తి," అని నెమ్మదిగా, అక్షరం అక్షరం చదివారు. తల ఎత్తి నా వైపు చూశారు. "ఈయనెవరమ్మా? నమ్మదగిన మనిషేనా?"

నేను ఆంటీ వైపు చూశాను.

"ఆయ్," అంది ఆంటీ గుమ్మంలోంచి. "నమ్మదగిన మనిషేనండి. ఆయన మాట నమ్మే నేను ఢిల్లీ దాకా వచ్చాను."

అంకుల్ ఆవిడ వైపు చూశారు. ఆవిడ చెప్పింది సాక్ష్యమో కాదో తూచి చూస్తున్నట్టు కాసేపు ఆలోచించారు. తర్వాత తల ఊపి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో మీటా వెతుక్కుంటూ వాక్యాన్ని తిరిగి పెట్టారు. దాని చివర సంచిక పేరు, సంవత్సరం, పేజీ అంకె చేర్చారు. కారణం రాసే గడిలో, 'నమ్మదగిన మూలం దొరికింది' అని రాసి భద్రపరిచారు.

ఆంటీ లోపలికి వెళ్లింది. కాసేపటికి గిన్నె మీద గరిటె మోగింది, రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

మూర్తిగారు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి లేచారు. "వస్తానమ్మా," అన్నారు నాతో. "నన్ను పిలుస్తున్నారు."